ఒక టాంటలం కెపాసిటర్ కథ

ఇది మాదాపూర్‌లో ఒక ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు మీద బియ్యపుగింజంత చోటు ఆక్రమించిన కెపాసిటర్ కథ. విద్యుదావేశాన్ని క్షణకాలం దాచి అవసరానికి విడుదల చేసే ఈ భాగానికి తన పని క్షుణ్ణంగా తెలుసు గాని, తాను పుట్టిన గని ఏదో తెలియదు. దాని లోపలి లోహమైన టాంటలం కొల్టాన్ అనే నల్లని ఖనిజం నుంచి వస్తుంది, ఆ ఖనిజానికి తూర్పు కాంగో పేరుమోసిన చోటు.

2000 చివరలో కొల్టాన్ ధర పలురెట్లు పెరగడంతో, 1997 నుంచే యునెస్కో ప్రమాద జాబితాలో ఉన్న అక్కడి కహుజీ-బియేగా జాతీయ వనంలోకి వేలమంది తవ్వకందారులు చొరబడ్డారు. అడవి నడుమ వారికి దొరికే ఆహారం ప్రధానంగా వేటమాంసమే కావడంతో ఏనుగులు, గ్రావర్ గొరిల్లాలు తుపాకులకు బలయ్యాయి. వారు తవ్విన ఖనిజంపై సాయుధ బృందాలు సుంకాలు పిండుకోగా, ఆర్‌సీడీ-గోమా తిరుగుబాటుదారులు అదే ఏడాది నవంబరులో ఎగుమతి గుత్తహక్కును ఒకే సంస్థకు కట్టబెట్టి ఆదాయం రాబట్టారు. కాంగోలోని గరాంబా వనంలో లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ అనే సాయుధ బృందం ఏనుగులను చంపి దంతాలు అమ్ముకున్న వైనం లోకానికి తెలిసిందే గాని, యుద్ధధనం తవ్వే కూలీల కడుపు నింపిన ఈ వేట గురించి చర్చ తక్కువ, నష్టం మాత్రం తక్కువేమీ కాదు: 1990ల మధ్యలో సుమారు 17,000గా అంచనా వేసిన గ్రావర్ గొరిల్లాలు 3,800కు తగ్గాయని 2016 అధ్యయనం తేల్చింది, తరువాతి సవరణ ఆ సంఖ్యను 6,800గా చూపింది. 2014 జనవరిలో భద్రతా మండలి 2136వ తీర్మానం కాంగో ఆంక్షల పరిధిలోకి వన్యప్రాణుల అక్రమ వ్యాపారాన్నీ చేర్చింది. అయినా 2024లో తూర్పు కాంగోలోని రుబాయా గనులను పట్టుకున్న ఎం23 తిరుగుబాటు బృందం కొల్టాన్ సుంకాలతో నెలకు కనీసం 8 లక్షల డాలర్లు పొందుతోందని ఐక్యరాజ్యసమితి నిపుణులు అదే ఏడాది నివేదించారు.

ఆ ల్యాప్‌టాప్ ఉన్న హైదరాబాద్ నగరంలోనే, అత్తాపూర్‌లోని లాకోన్స్, అంటే సీసీఎంబీకి చెందిన అంతరించిపోతున్న జాతుల పరిరక్షణ ప్రయోగశాల, పట్టుబడిన మాంసపు ముక్కలోని డీఎన్‌ఏను చదివి అది ఏ జంతువుదో చెప్పగలదు. లోహానికి అలాంటి సాక్ష్యం మిగలదు. పలు గనుల ఖనిజం శుద్ధి కర్మాగారంలో కలిసిపోయాక దాని పుట్టుక చెరిగిపోతుంది. అందుకే 2010 నాటి అమెరికా డాడ్-ఫ్రాంక్ చట్టంలోని 1502వ సెక్షన్ కింద కంపెనీలు జరిపే విచారణ ఆ కర్మాగారాల చుట్టూనే తిరుగుతుంది. ఆ విచారణపై కంపెనీలు సమర్పించే నివేదికలు బహిరంగ పత్రాలే కనుక, ల్యాప్‌టాప్‌లను వందలకొద్దీ కొనే సైబరాబాద్ సంస్థలు టెండరులోనే శుద్ధి కర్మాగారాల జాబితా అడగాలి.