పొలం రీలు: టీకా తాత్పర్యం

మూలం: కోత. కొత్త ట్రాక్టరు. దూడ. పిల్లలు. 1947.

అవతారిక: అమెరికా రైతుల ఇళ్ళలో అటకెక్కిన రేకు డబ్బాల మీద అంటించే చీటీకి ఈ మూలం ఒక నమూనా. లోపల ఉండేది కొడాక్ కంపెనీ 1932లో తెచ్చిన ఎనిమిది మిల్లీమీటర్ల ఫిల్ము. నిడివి సుమారు నాలుగు నిమిషాలు. మూలంలో లేనిది రాయనని వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఈ గ్రంథానికి ఆయనే వ్యాఖ్య రాసి ఉంటే రెండు పంక్తుల్లో ముగించి లేచేవాడు. ఇందులో సారమంతా చీటీకెక్కని చోట, బొమ్మ అంచుల్లో ఉందని మా సిద్ధాంతం.

టీక: కోత అనగా పండిన గోధుమ చేను, అందులో అడ్డంగా సాగిపోయే యంత్రం. చావి తిప్పే కెమెరా ఒక్క చుట్టుకు అర నిమిషం అటూ ఇటూగా నడుస్తుంది; ఫిల్మా ఖరీదు. కనుక పొద్దు గూకేదాకా సాగిన కోత కొన్ని సెకన్లలో ఒడ్డెక్కుతుంది. అతిశయోక్తికి తిరగేసిన ఈ అలంకారానికి లాక్షణికులు ఇంకా పేరు పెట్టలేదు. కొత్త ట్రాక్టరు ఈ కావ్యానికి నాయకుడు. ముందునుంచీ పక్కనుంచీ తీరిగ్గా తీశారు. వెనక కంచె దగ్గర రెండు గుర్రాలు పనిలేక నిలబడి ఉన్నాయి. వాటిని ఎవరూ తీయబోలేదు, అవే పడ్డాయి. అమెరికా పొలాల్లో ట్రాక్టర్ల లెక్క గుర్రాలూ కంచరగాడిదల లెక్కను దాటింది 1954లో. ఆ మార్పు ఈ గుర్రాలకు ముందే తెలిసిందని ధ్వని. దూడ పుట్టుక ఏడాదికోసారి, కాబట్టి రీలుకెక్కింది. దాని తల్లిని రెండు పూటలా పితకడం రోజూ ఉండేదే, దానికి ఫిల్ము దండగ. పైగా ఆనాటి కోడాక్రోమ్ రంగు ఫిల్ముకు మంచి ఎండ కావాలి, కొట్టంలో చీకటి. పిల్లలు బారుగా నిలబడి చేతులూపుతుండగా తెరంతా నారింజ రంగు మంట లేస్తుంది. ఇది ఉత్పాతం కాదు. ఇరవై అయిదు అడుగుల చుట్ట ఒకవైపు అయిపోయాక తీసి, తిరగేసి పెట్టుకోవాలి. అప్పుడు ఫిల్ముకు వెలుగు సోకింది. అంటే బొమ్మ వెనక ఒక చెయ్యి ఉంది; కెమెరా పట్టినంతసేపూ ఇంట్లో ఒకరికి పని తప్పిందని భావం.

పూర్వపక్షం: "కెమెరా కొన్న రైతు కలిగినవాడు. ఎండ కాసిన మంచిరోజున, మంచిబట్టలేసి తీసిన ఈ బొమ్మలు కష్టాన్ని దాచేవే గాని సాక్ష్యం కావు" అంటారు. మొదటి మాట ఒప్పుకోవలసిందే. 1935 ప్రాంతంలో అమెరికాలో పది పొలం ఇళ్ళలో సుమారు ఒకదానికే కరెంటు ఉండేది. చావి కెమెరాకు కరెంటు అక్కరలేదు, తీసింది గోడ మీద చూసుకోవాలంటే ప్రొజెక్టరుకు కావాలి. రెండో మాట మాత్రం నిలవదు. తీసేవాడి ఎంపిక అతని కన్ను ఆనినంత మేరే. లెన్సు అతను ఎంచినదాని వెనకున్నదాన్నీ విడిచిపెట్టదు. పిల్లల వెనకగా రెండు బాల్చీలు మోసుకుంటూ, భుజం ఒకవైపు ఒరిగి, ఒక ఆడమనిషి తెర దాటిపోతుంది. ఆమెను తీస్తున్నామన్న తలపు ఎవరికీ లేదు, తనను తీస్తున్నారని ఆమెకూ తెలియదు. చెప్పాలని చెప్పిన సాక్ష్యం కన్నా చెప్పకుండానే బయటపడ్డ సాక్ష్యానికి బలం ఎక్కువ. "మాట లేని బొమ్మ ఏం చెబుతుంది?" అని మరో ఆక్షేపణ. మాటే ఉంటే తీసినవాడు ట్రాక్టరు ధరా దాని బలమూ ఏకరువు పెట్టేవాడు, మన చూపు గుర్రాల దాకా పోయేదే కాదు.

తాత్పర్యం: పొలం రీలును రెండుసార్లు చూడాలి, మొదట చీటీ చెప్పినదాన్ని, తర్వాత చెప్పనిదాన్ని. మెయిన్ రాష్ట్రంలోని నార్త్‌ఈస్ట్ హిస్టారిక్ ఫిల్మ్ వంటి సంస్థలు ఇలాంటి ఇంటి రీళ్ళను దాచిపెడుతున్నది ఇందుకే. డబ్బాలున్నవారికి ఒక్క మనవి: ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి, కెమెరా పట్టింది ఎవరో, బాల్చీలు మోసింది ఎవరో ఆ చీటీ మీద రాసిపెట్టండి.