ఎర్ర సిరా అక్షరాలు

నేను జర్మన్ సంగీతకర్త బాఖ్ చేతిరాతను. మత్తయి సువార్త 26, 27 అధ్యాయాలకు ఆయన కట్టిన శ్రమల సంగీతానికి 1736 ప్రాంతంలో లైప్‌జిగ్‌లో రాసుకున్న సాఫు ప్రతిని. ఆ సంగీతం నాకన్నా పెద్దది. 1727 గుడ్ ఫ్రైడే నాడు సెయింట్ థామస్ చర్చిలో తొలిసారి పాడారని పండితులు అంటారు.

వారం వారం ఆరాధనకు కొత్త పాట కావాలి కాబట్టి ఆయన చాలా ప్రతులు హడావిడిగా రాసేవారు. నన్ను మాత్రం తీరిగ్గా, స్కేలు పెట్టి గీతలు గీసి రాశారు. పికాండర్ అనే కవి రాసిన పాటలకు నల్ల సిరా, సువార్త వచనాలకు ఎర్ర సిరా. ఆరాధనకు వచ్చినవాళ్ళకు ఆ ఎరుపు కనబడదు. పాడే పిల్లల చేతుల్లో ఉండేవి ఎవరి భాగం వారికి విడిగా రాసిన కాగితాలు. మరి ఎవరి కోసం ఆ శ్రమ? వాక్యం మీద ఆయనకున్న భక్తి అది. తర్వాతి కాలంలో నా మొదటి పుటల అంచులు పాడైతే, కాగితపు ముక్కలు అతికించి, పోయిన స్వరాలను మళ్ళీ తన చేత్తోనే రాశారు.

లైప్‌జిగ్‌లో లెంట్ రోజుల్లో చర్చిలో వాద్యాలతో పాడే పెద్ద పాటలు దాదాపుగా ఆపేసేవారు. వారాల తరబడి ఎండిన చెవుల మీద గుడ్ ఫ్రైడే సాయంకాల ఆరాధనలో నా సంగీతం పడేది. రెండు గాయక బృందాలు, రెండు వాద్య బృందాలు, నడుమ ప్రసంగం. ఒక బృందం పిలుస్తుంది, రెండోది ఎవరిని, ఎక్కడ అని అడుగుతుంది. యేసు మాట్లాడినప్పుడల్లా తీగ వాద్యాలు ఆయన గొంతును చుట్టుకుని ఉంటాయి. సిలువ మీద ఏలీ, ఏలీ అనే కేక దగ్గర అవి ఆగిపోతాయి. అక్కడ ఆయన ఒక్కడే.

అయినా నాలో అన్నిటికన్నా గొప్ప చోటు భోజనపు బల్ల దగ్గరుంది. మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడని యేసు అన్నాక, నేనా ప్రభువా అని శిష్యులు కంగారుగా అడుగుతారు. ఆ పిలుపు 11 సార్లు వినిపిస్తుంది. యూదా ఇంకా నోరు విప్పలేదు. జవాబు యేసు చెప్పేలోపే సంఘానికంతా తెలిసిన కీర్తన రాగం వచ్చి, నేనే, శిక్ష నాకే రావాలి అంటుంది. నేరం ఎవరి మీదికో తోసేయకుండా వినేవాళ్ళ మీదికే తెచ్చిన ఈ మలుపు కోసమైనా నన్ను వినాలి.

1750లో బాఖ్ కన్నుమూశాక ఆయన కొడుకు ఇమ్మానుయేల్ దగ్గరికి, చేతులు మారి చివరికి బెర్లిన్ గ్రంథాలయానికి చేరాను. నన్ను దాదాపు అందరూ మరచిన కాలంలో, అమ్మమ్మ రాయించి ఇచ్చిన ఒక ప్రతి పట్టుకుని 20 ఏళ్ళ సంగీతకర్త మెండెల్సన్ 1829 మార్చి 11న బెర్లిన్‌లో ఈ సంగీతాన్ని పాడించాడు. చాలా పాటలు కోసేశాడు, నిజమే. అయినా జనం కిక్కిరిశారు. పది రోజులకు, బాఖ్ పుట్టినరోజున, మళ్ళీ పాడారు.

మాచికాయ రసంలో అన్నభేది కలిపి చేసిన సిరాకు కాగితాన్ని తినే గుణం ఉంది. బాఖ్ చేతిరాతలకు ఆ జబ్బు తప్పలేదు. అందుకే ఇప్పుడు నన్ను తాకనివ్వరు. నా పుటల చిత్రాలు మాత్రం ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు.

తెలుగువాళ్ళకు నేను మరీ పరాయిదాన్ని కాను. 1842లో గుంటూరు చేరిన మిషనరీ హయ్యర్ లూథరన్. నన్ను రాసిన బాఖూ లూథరనే. తెలుగు సంఘాల్లో గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం ఏడు మాటల ధ్యానం ముగిశాక, సాయంత్రం నాకు మూడు గంటలు ఇవ్వండి. జర్మన్ రాకపోయినా ఫరవాలేదు. తెలుగు బైబిల్లో మత్తయి 26, 27 అధ్యాయాలు తెరిచి ఒళ్ళో పెట్టుకోండి. ఎర్ర సిరాతో రాసిన సువార్త మాటలన్నీ అక్కడ ఉన్నాయి.