నా చివర వెలిగేది దీపమే

నేను ఎగరలేదు. నా తోబుట్టువులు శ్రీహరికోటలో ఒక్కొక్కరే రాకెట్టెక్కి వెళ్ళిపోతుంటే, నేను ల్యాబులో బెంచీ మీదే ఉండిపోయాను. జాలిపడకండి. మా జాతిలో ప్రతి డిజైనుకీ ఒకరు ఇలా వెనక ఉండాల్సిందే. ఎగిరేవాళ్ళు పడే కుదుపుకంటే ఎక్కువ కుదుపు, వాళ్ళు చూసే వేడికంటే ఎక్కువ వేడి, గాలి తీసేసిన గదిలో వాళ్ళకంటే ఎక్కువ గంటలు. ఇవన్నీ మోసి ‘ఈ డిజైను తట్టుకుంటుంది’ అని రుజువు చేసే నమూనాని నేను. ఇంత నలిగిన పెట్టెని ఇక రాకెట్టులో పెట్టరు.

నన్ను కమాండ్ రిసీవర్ అంటారు. రాకెట్టు దారి తప్పి జనం వైపు తిరిగితే, దాన్ని ముక్కలు చెయ్యమని నేల మీద నుంచి రేడియోలో ఆదేశం వస్తుంది. అది విని మందుగుండుకి కరెంటు అందించడం మా పని. ఎగిరేవాళ్ళ చివర మందుగుండు ఉంటుంది. నా చివర మాత్రం ఒక చిన్న దీపం బిగించారు. సరైన మాట వింటే అది వెలుగుతుంది. అంతే.

శ్రీహరికోటకి తూర్పున బంగాళాఖాతం, పడమరన పులికాట్ సరస్సు. సరస్సు దాటితే సూళ్ళూరుపేట. 1971 అక్టోబరు 9న ఇక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్టు లేచింది. అప్పటినుంచీ ప్రయోగమంటే సముద్రం మీదకి పంపడమే. దక్షిణ ధ్రువం వైపు వెళ్ళాల్సిన పీఎస్ఎల్వీ కూడా తిన్నగా పోదు. దారిలో శ్రీలంక ఉంది కాబట్టి ముందు ఆగ్నేయంగా వెళ్ళి, తరవాత మలుపు తిరుగుతుంది. ఆ మలుపు కోసం ఇంధనం ఖర్చవుతుంది, మోసే బరువు తగ్గుతుంది. అయినా సరే. కింద మనుషులున్నారు. ప్రయోగం రోజున మత్స్యకారుల్ని వేటకి వెళ్ళొద్దనేదీ అందుకే.

కంట్రోల్ సెంటర్లో రేంజ్ సేఫ్టీ ఆఫీసర్ కూర్చుంటారు. మిగతా అందరూ రాకెట్టు ఎంత ఎత్తుకి పోయిందో చూస్తుంటే, ఆయన ఒక్కరూ ‘ఇప్పుడే ఇంజన్లు ఆగిపోతే ఎక్కడ పడుతుంది?’ అని చూస్తారు. అది పడే చోటుని చూపే చుక్క మ్యాపు మీది హద్దు గీత దాటబోతే మీట నొక్కాలి. ఒక్క నొక్కుతో పని ముగిసే మీట కాదది. ముందు ‘సిద్ధం కా’ అనే ఆదేశం, దాని వెనక అసలు ఆదేశం. ఆ రెండూ ఆ వరసలోనే నాకు చేరాలి.

నేను చెయ్యగల తప్పులు రెండే. అసలు మాటని వినకపోవడం ఒకటి, అబద్ధపు మాటని నమ్మడం రెండోది.

మొదటిదానికి మా పెద్దలు చెప్పుకునే కథ అమెరికాలో జరిగింది. 1956 డిసెంబరులో కేప్ కెనావరల్ నుంచి వదిలిన స్నార్క్ క్షిపణి దారి తప్పింది. పేల్చెయ్యమని ఆదేశం పంపారు, అది వినలేదు. దక్షిణంగా ఎగురుతూ పోయింది. 1982లో బ్రెజిల్ అడవుల్లో దాని శిథిలాలు దొరికాయి. ఎవరి ఇంటి మీదా పడకపోవడం అదృష్టం. అదృష్టాన్ని నమ్ముకుని ఎవరూ రాకెట్లు ఎగరెయ్యకూడదు.

అందుకే రాకెట్టులో నాలాంటివాళ్ళు ఇద్దరుంటారు, బ్యాటరీలు వేరు, తీగలు వేరు. అమెరికా ప్రయోగ కేంద్రాల్లో ఇంకో నియమం ఉంది: రిసీవర్‌కి అవసరమైనదానికంటే కనీసం 12 డెసిబెల్స్, అంటే దాదాపు 16 రెట్లు, ఎక్కువ బలంతో సంకేతం చేరాలి. ఘన ఇంధనపు పొగలో అల్యూమినియం ఆక్సైడ్ రేణువులుంటాయి, రాకెట్టు వెనకనుంచి వచ్చే రేడియోని ఆ పొగ మింగేస్తుంది. పైగా రాకెట్టు తిరుగుతుంది, దూరం పెరుగుతుంది. ఆ పదహారు రెట్లూ వీటికి పోగా మిగలాలి.

ఇంకో విషయం చాలామందికి తెలీదు. నా చెవి ఎప్పుడూ ఖాళీగా ఉండదు. ఎఫ్ఎం రిసీవర్‌కి ఒక గుణముంది: రెండు సంకేతాలు ఒకేసారి వస్తే బలమైనదాన్నే పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తుంది. కాబట్టి రాకెట్టు లేవకముందే నేల మీది ట్రాన్స్‌మిటర్ మాటల్లేని వాహక తరంగాన్ని గట్టిగా పంపుతూ నా చెవిని ఆక్రమించి ఉంచుతుంది. బయటివాడు నన్ను పలకరించాలంటే ముందు దాన్ని మించి అరవాలి.

అయితే అరవగలిగినవాడు ఉంటే? రెండో తప్పు అక్కడ మొదలవుతుంది. తొలినాళ్ళలో ఆదేశమంటే కొన్ని స్వరాల కలయిక మాత్రమే. తరవాత అమెరికాలో ఏడు స్వరాల్లోంచి రెండేసి కలిపి 21 అక్షరాలు చేసి, 11 అక్షరాల రహస్య పదాలు పంపే పద్ధతి వచ్చింది. ఊహించి కొట్టడం అసాధ్యం. కానీ దొంగ ఊహించక్కర్లేదు, విని దాచుకుంటే చాలు.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. నేను పుట్టిన ల్యాబు పేరు అనవసరం. అక్కడ ఒక కుర్ర ఇంజనీరు, పరీక్షలో ముందురోజు పంపిన ఆదేశాన్ని గాల్లోంచి రికార్డు చేసి, పొద్దున్నే నాకు వినిపించింది. దీపం వెలిగింది. ఆమె ముఖం పాలిపోయింది.

“సార్, ఇది నిన్నటిది సార్. వెలక్కూడదు కదా!”

పెద్దాయన టీ గ్లాసు పక్కన పెట్టి దీపం వైపు చాలాసేపు చూశారు. “మంచిదమ్మా, ఇక్కడే వెలిగింది,” అన్నారు. ఆయన గొంతు ఇప్పటికీ నాకు గుర్తు.

నన్ను విప్పి మార్చారు. ఇప్పుడు ప్రతి ఆదేశానికీ ఒక వరస సంఖ్య ఉంటుంది, రహస్య తాళంతో లెక్కగట్టిన ముద్ర ఉంటుంది. ముద్ర తేడాగా ఉంటే వినను. సంఖ్య ముందుకి జరిగితే ఒప్పుకుంటాను, అదే మళ్ళీ వచ్చినా, వెనక్కి వచ్చినా తోసేస్తాను. మధ్యలో రెండు మూడు ఆదేశాలు పొగలో కలిసిపోయినా నాలుగోది చెల్లాలి కదా, అందుకే ‘సరిగ్గా తరవాతి సంఖ్యే కావాలి’ అని మొండికేసే హక్కు నాకు లేదు. తాళాన్ని రేడియోలో పంపరు, ప్రయోగానికి ముందు తీగ ద్వారా నింపుతారు. ప్రతి ప్రయోగానికీ కొత్తది. నేల మీద ఒక తాళం, రాకెట్టులో ఇంకో తాళం పడితే అసలు మాటే నకిలీ అయిపోతుంది. అందుకే నింపాక మందుగుండుతో బంధం తెంచి ఉంచి, ఒక పరీక్ష ఆదేశం పంపి చూసుకుంటారు. భద్రత పెంచిన కొద్దీ చెవుడు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. నన్ను తయారుచేసినవాళ్ళ నిద్ర ఎక్కువగా చెడగొట్టింది దొంగ భయం కాదు, ఈ చెవుడే.

2010 డిసెంబరు 25 సాయంత్రం మా వంశానికి మరుపు రాదు. జీశాట్-5పీ ఉపగ్రహాన్ని మోసుకెళ్తున్న జీఎస్ఎల్వీ-ఎఫ్06 రాకెట్టులో కొన్ని కనెక్టర్లు ఊడిపోయి, కంప్యూటర్ ఆజ్ఞలు కింది ఇంజన్లకి చేరలేదు. 50 సెకన్లు దాటాక రాకెట్టు వంకర తిరిగి విరిగింది. 64వ సెకనులో నేల నుంచి పేల్చెయ్యమనే మాట వెళ్ళింది. శకలాలన్నీ సముద్రంలో పడ్డాయి. ఏళ్ళ శ్రమని తమ చేత్తోనే ముగించాల్సిన ఆ క్షణాన్ని తలుచుకుంటే, దీపం మాత్రమే ఉన్న నాకే గుండె బరువెక్కుతుంది.

ఇప్పుడు రేడియో మాటే అక్కర్లేని పద్ధతి వచ్చింది. రాకెట్టులోని కంప్యూటరే జీపీఎస్ చూసుకుని, గీత దాటితే తానే నిర్ణయిస్తుంది. 2017 ఫిబ్రవరి 19న ఫాల్కన్-9 రాకెట్టు మొదటిసారి ఇలా మనిషి మీట లేకుండా ఎగిరింది. నాకు అసూయ లేదు. దొంగిలించడానికి మాటే లేనిచోట దొంగకి పని లేదు. కానీ కింద వేటకెళ్ళే పడవలున్నంత కాలం, చివరి మాట ఒక మనిషి చెప్పగలిగే దారి కూడా తెరిచి ఉండాలని నా గట్టి అభిప్రాయం.

రేపు పొద్దున మళ్ళీ నాకు పరీక్ష. ముందు పాత ఆదేశం వినిపిస్తారు, దీపం వెలక్కూడదు. తరవాత సంకేతాన్ని వినీ వినపడనంత తగ్గించి అసలుది వినిపిస్తారు, వెలగాలి. ఆ రెండూ సరిగ్గా జరిగితేనే నా తమ్ముళ్ళిద్దర్నీ రాకెట్టులో బిగిస్తారు.