నేను బొడిపెల టైరును

నేను సైకిలు టైరును. ఒళ్లంతా ఎత్తయిన బొడిపెలున్న టైరును. నా పక్కగోడ మీద 26 × 1.95 అని, దాని దగ్గరే 50-559 అని అచ్చు ఉంటుంది. మొదటిది దుకాణంలో అడిగే కొలత. రెండోదాన్ని నమ్ముకోవచ్చు. 50 మిల్లీమీటర్లు నా వెడల్పు, 559 మిల్లీమీటర్లు నేను కూర్చునే రిమ్ము కొలత.

చెట్టు పాల నుంచి వచ్చిన రబ్బరు ఎండకు జిగురయ్యేది, చలికి పెళుసయ్యేది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ దాన్ని గంధకంతో కలిపి వేడి చేసి దారికి తెచ్చాడు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి నింపిన టైరుకు పేటెంటు తీసుకున్నాడు. నా నలుపు కార్బన్ మసిది. అది రంగుతో పాటు త్వరగా అరగని గట్టిదనాన్నీ ఇచ్చింది. నా అంచుల్లో ఉక్కు తీగ ఉంది. ఆ తీగే నన్ను రిమ్మును వదలనివ్వదు. అలాంటి నేను ఉక్కు ఊరికే చేరాను.

జంషెడ్‌పూర్‌లో సాక్చి బజారులో కొన్న కొత్త సైకిలు వెనక చక్రానికి ఎక్కాను. కొన్న కుర్రాడిది కదమాలోని తెలుగు ఇల్లు. వాళ్ల తాతయ్య ఉక్కు కర్మాగారంలో పని దొరికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. వరండాలో ఆయన నల్ల సైకిలు పక్కనే నాకు చోటిచ్చారు. దాని టైరు 28 × 1½. సన్నటి గీతలు తప్ప బొడిపె అన్నది లేదు. సైరను మోతకు గేటు చేరాల్సిన రోజుల్లో అలాంటి టైర్ల మీదే ఆయన నౌకరీ అంతా నడిచింది.

కుర్రాడు నన్ను బిష్టుపూర్, సాక్చి, జూబ్లీ పార్కు తారురోడ్ల మీదే తిప్పాడు. అక్కడ నేను గుర్రుమని మోగుతాను. గట్టి నేలలోకి బొడిపె దిగదు; బరువు పడగానే అటూ ఇటూ వంగుతుంది. ఆ వంపుల్లోనే తొక్కేవాడి బలం కొంత వేడిగా మారి వృథా అవుతుంది. మలుపులో సైకిలు వాలినప్పుడు బొడిపెల కొసలు మాత్రమే రోడ్డును తాకుతాయి. అందుకే అంత రబ్బరున్నా పట్టు తక్కువ. వెనక చక్రం ఎక్కువ బరువు మోస్తూ తోసేది కూడా కనుక నా నడుమ వరుస ముందుగా అరిగింది.

వానాకాలం వచ్చింది. "తాతయ్యా, నీ నున్నటి టైరు జారిపోదూ?" అన్నాడు కుర్రాడు.

"ఒరే, మోటారుకారు లెక్క వేరు, సైకిలు లెక్క వేరు. మన టైరు సన్నం, గాలి గట్టిగా ఉంటుంది. నీళ్లను తోసేసి రోడ్డును పట్టుకుంటుంది" అన్నాడాయన.

ఆయన మాట నిజం. సైకిలు టైరు గాలి ఒత్తిడికి నీటి మీద తేలాలంటే వేగం గంటకు దాదాపు 100 కిలోమీటర్లు ఉండాలి. సైకిలు తొక్కేవాడు ఆ వేగానికి ఎక్కడ పోతాడు? తారురోడ్డు మీద పట్టు రబ్బరుదే, గీతలది కాదు. రోడ్డు మీద తడిసిన మ్యాన్‌హోలు ఇనుప మూతలు, రంగుతో వేసిన గీతలు మాత్రం ఏ టైరునైనా జార్చగలవు. అక్కడ వాలకుండా నిటారుగా దాటాలి.

ఆ మాటలు విని కుర్రాడు సన్నటి గీతల టైర్లు వేయించుకున్నాడు. నన్ను మానగో అవతల, డిమ్నా చెరువు దారిలో ఉండే స్నేహితుడికిచ్చాడు. అతని సైకిలు రిమ్ము కూడా 559 కనుకనే ఇవ్వగలిగాడు. తాతయ్య సైకిలు రిమ్ము 635. దానికి నేను ఎక్కను.

దల్మా కొండల అడుగున ఎర్రమట్టి బాటలో నా బతుకు తీరే మారింది. మెత్తటి నేలలో ప్రతి బొడిపె దిగి, మట్టిని వెనక్కి తోసి, చక్రాన్ని ముందుకు పంపుతుంది. వాలినప్పుడు అంచు బొడిపెలు నేలను కోసి పట్టుకుంటాయి. బురదలో బొడిపెల మధ్య ఎడం ఎక్కువుంటేనే మేలు. మట్టి అతుక్కోకుండా రాలిపోతుంది. ఎడం తక్కువైతే బురద నిండి బొడిపెలున్న టైరు కూడా నున్నటిదే అవుతుంది. అక్కడ గాలి కాస్త తగ్గిస్తే నేను పరుచుకుని ఎక్కువ నేలను పట్టుకుంటాను. మరీ తగ్గిస్తే మాత్రం రాయి తగిలి రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలుగుతుంది.

రోజూ సగం తారు, సగం మట్టి తొక్కేవాళ్లకు మాలో మూడో రకం ఉంది. నడుమ నున్నటి పట్టీ, అంచుల్లో చిన్న బొడిపెలు. నిటారుగా పోయేటప్పుడు తేలిక, మట్టిలో వాలితే ఆసరా.

కొత్త టైరు కొనే వాళ్లను నేను కోరేది ఇదే. ముందు మీ దారిని చూడండి. వారంలో ఎక్కువ రోజులు తారు మీదే అయితే నున్నటిదాన్ని నిర్భయంగా కొనండి. మట్టి బాట అయితే నన్ను అడగండి. రెండు టైర్లలో మెరుగైనది ముందు చక్రానికి వేయించండి. వెనక జారితే నిలదొక్కుకోవచ్చు, ముందు జారితే పడిపోతారు. లోపలి దారాలు బయటపడ్డ టైరును ఇక తొక్కకండి. టైరు అందం దుకాణంలో తెలిసేది కాదు, దారిలో తెలిసేది.