దేశాలు కట్టే పిల్లలు, జిల్లాలు కోసే పెద్దలు

రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ఉన్నవాడెవడైనా ఇప్పుడు ఒక దేశానికి చక్రవర్తి కావచ్చు. ముహూర్తం అక్కర్లేదు, పట్టాభిషేకం అక్కర్లేదు. దేశానికో పేరు, ఒక జెండా, జాతీయ జంతువు, నాణేనికి ఇంకో పేరు, రాజముద్ర కింద ఓ నినాదం. అయిపోయింది. ఆస్ట్రేలియా నవలాకారుడు మ్యాక్స్ బారీ 2002లో తన కొత్త నవలకు ప్రచారం కోసమని ‘నేషన్‌స్టేట్స్’ అనే ఆట పెట్టాడు. జనం నవలను పక్కన పెట్టి దేశాలు పట్టుకున్నారు. ఇప్పుడు అలాంటి ఆటలకు లెక్కలేదు. పదిమంది చేరి, తలా ఒక రాజ్యం రాసుకొచ్చి, అన్నీ కలిపి ఒక లోకం అల్లుతారు. సంధులు, యుద్ధాలు, వియ్యాలు, కయ్యాలు అన్నీ అక్షరాల్లోనే.

మన కుర్రాళ్లేమీ తక్కువ తినలేదు. మే నెలలో, కరెంటు పోయిన హాస్టల్ గదిలో, బనీను పిండుకుంటూ ఒకడు మంచు సామ్రాజ్యం కడుతుంటాడు. రాజు ఆల్డ్రిక్, రాణి సెరఫీనా. వీడి నాయనమ్మ ఎల్లమ్మ పేరు ఆ రాజవంశంలో ఏడు తరాలు వెతికినా దొరకదు. దేశంలో డ్రాగన్లు పన్నెండు, దళపతులు ఏడుగురు, మాంత్రికులు కోకొల్లలు. రేషన్ డీలర్ మాత్రం ఒక్కడూ ఉండడు. సైన్యం లక్ష. ఆ లక్షమందికీ పొద్దున సద్ది ఎవరు కడతారు? ఆ వడ్లు ఏ కల్లంలోంచి వచ్చాయి? తేమ ఎక్కువుందని ఐకేపీ కొనుగోలు సెంటర్‌లో ఎన్ని రోజులు ఆరబోయించారు, మిల్లువాడు బస్తాకు ఎన్ని కిలోలు తరుగు తీశాడు? సామ్రాజ్య చరిత్రలో ఈ అధ్యాయం లేదు. చక్రవర్తి కనుసైగ చేస్తే గాదెలు నిండుతాయి. వీళ్ల దేశంలో కరువు కూడా కథకు పనికొస్తేనే వస్తుంది, పని కాగానే పోతుంది.

ఈ విద్య మనకు కొత్తదీ కాదు. త్రిశంకు కోసం ఆకాశంలో ఇంకో స్వర్గం కట్టిన విశ్వామిత్రుడు మనవాడే. మొన్నటికి మొన్న బాహుబలి సినిమాలో మాహిష్మతి కట్టాం. అందులో కాలకేయులు మాట్లాడటానికి మదన్ కార్కి సుమారు 750 మాటలతో, 40 వ్యాకరణ సూత్రాలతో ‘కిలికి’ అనే భాషే తయారుచేశాడు. ఆ తర్వాత దానికి లిపి కూడా వచ్చింది. మహబూబాబాద్ జిల్లా గంగారం అడవుల్లో తరతరాలుగా మాట్లాడుతున్న కోయభాష మాత్రం రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో లేదు. ఏ సినిమావాడో దాన్ని దుష్టుల భాషగానైనా వాడుకుంటే కాస్త పేరొచ్చేదేమో!

మాహిష్మతి తెరమీదే ఆగితే బాగుండేది. 2017లో, బాహుబలి రెండో భాగం ఆడిన ఏడాదే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమరావతి నమూనాల మీద రాజమౌళి సలహా అడిగింది. లండన్‌లో నార్మన్ ఫోస్టర్ సంస్థ గీస్తుంటే చాలలేదు, సెట్టింగు తెలిసినవాడు కావలసి వచ్చాడు. రాజమౌళి తప్పేం లేదు, పిలిస్తే వెళ్లాడు, తోచింది చెప్పాడు. పిలిచినవాళ్ల సంగతే చూడాలి. కోటలు కట్టే కుర్రాడికీ, రాజధాని కట్టే సర్కారుకూ తేడా ఎక్కడుందో అప్పటినుంచి నాకు అంతుపట్టడం లేదు.

కాదు, తేడా ఉంది. పిల్లల ఆటకు నియమాలున్నాయి.

మొదటి నియమం: నీ పాత్రను నువ్వు రాసుకో, ఎదుటివాడి పాత్ర జోలికి పోకు. ‘నా సైన్యం నీ కోట మీదికి వచ్చింది’ అని రాయవచ్చు. ‘నీ రాజు లొంగిపోయాడు, నీ ప్రజలు సంతోషంతో నా జెండా ఎగరేశారు’ అని రాయకూడదు. లొంగాలో వద్దో అవతలివాడే చెప్పాలి. దీన్ని మీరితే గాడ్‌మోడింగ్ అంటారు, మందలిస్తారు, మళ్లీ చేస్తే ఆటలోంచి గెంటేస్తారు. రెండో నియమం: జరిగిపోయిన కథను వెనక్కి వెళ్లి మార్చడానికి లేదు. తప్పనిసరైతే అందరూ ఒప్పుకోవాలి. అలా మార్చడాన్ని రెట్‌కాన్ అంటారు. మూతిమీద మీసం రాని పిల్లలు పెట్టుకున్న కట్టుబాటు ఇది.

ఈ రెంటితో పెద్దల ఆటను కొలిచి చూడండి. 2016 అక్టోబర్ 10 రాత్రి గంగారంలో పడుకున్నవాడు వరంగల్ జిల్లావాడు, కొత్తగూడ మండలంవాడు. మర్నాడు దసరా. తెల్లారి లేచేసరికి మహబూబాబాద్ జిల్లావాడయ్యాడు, మండలం కూడా మారింది. పది జిల్లాల తెలంగాణ ఒక్క పండగతో 31 జిల్లాలైంది. అడగలేదా అంటే అడిగారు. ఆగస్టు 22న ముసాయిదా ఇచ్చి అభ్యంతరాలు చెప్పమన్నారు. ముసాయిదాలో లేని జనగామ రోడ్డెక్కి కొట్లాడి జిల్లా అయింది కూడా. అయితే జనగామ హైదరాబాద్ – వరంగల్ హైవే మీదుంది, అక్కడ రాస్తారోకో చేస్తే రాజధానికి వినబడుతుంది. అడవి నడుమ ఊరు రాస్తారోకో చేస్తే ఆగేది ఒక ఆర్టీసీ బస్సు, అదీ ఆ రోజు వస్తే.

ఇప్పుడు గంగారం పౌరుడి రాజ్యాంగం చిత్తగించండి. కలెక్టర్ ఉండేది మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో. ఓటు ములుగు అసెంబ్లీకి. ఆ ములుగు ముందు భూపాలపల్లి జిల్లాలో కలిసింది, 2019 ఫిబ్రవరిలో తానే జిల్లా అయి కూర్చుంది. గిరిజనుల బాగోగులు చూసే ఐటీడీఏ ఏటూరునాగారంలో, అదీ ములుగు జిల్లాలోనే. అంటే భూమి బాధ ఒక జిల్లాకు చెప్పుకోవాలి, ఆ బాధ తీర్చమని ఎన్నుకున్న ఎమ్మెల్యే, గిరిజన సంక్షేమ అధికారి ఇద్దరూ పక్క జిల్లాలో. ఆల్డ్రిక్ మహారాజు ఇలాంటి పటం గీసుకొస్తే తోటి ఆటగాళ్లు నవ్విపోతారు.

రెట్‌కాన్ సంగతికొస్తే మనవాళ్లకు అందులో డాక్టరేట్ ఇవ్వాలి. వరంగల్ అర్బన్, రూరల్ అని 2016లో పేర్లు పెట్టారు, 2021లో అర్బన్‌ను హనుమకొండగా, రూరల్‌ను వరంగల్‌గా మార్చారు. పదో తరగతి మెమో మీద ఒక జిల్లా, కులం సర్టిఫికెట్ మీద ఇంకోటి, ఆధార్‌లో మూడోది. మనిషి మాత్రం అదే గడపలో ఉన్నాడు. కృష్ణ అవతలి ఒడ్డున ఇంకా ఘనం. 2015 అక్టోబర్ 22న ప్రధాని శంకుస్థాపన చేసిన ఒక్క రాజధాని 2019 డిసెంబర్‌లో మూడవుతానంది, 2021 నవంబర్‌లో ఆ మూడు రాజధానుల చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు, 2025 మే 2న అదే ప్రధాని వచ్చి పనులు మళ్లీ ప్రారంభించారు. భూములిచ్చిన రైతుల పాత్ర ఎవరు రాస్తున్నట్టు?

గాడ్‌మోడింగ్ అసలు రూపం చూడాలంటే మళ్లీ అడవిలోకి రావాలి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు భూమి ఎవరిదో తేల్చే పని గ్రామసభ దగ్గర మొదలవ్వాలి. 2005 డిసెంబర్ 13 నాటికి ఆ చెలక తన సాగులో ఉందని రైతు చూపాలి. అంటే చట్టంలో అతని పాత్ర అతనే రాసుకోవచ్చు. పైకి వెళ్లాక కలం చేతులు మారుతుంది. పై నుంచి తీసిన శాటిలైట్ బొమ్మలో నాగలి కనబడదు కాబట్టి ‘వీడు అక్కడ లేడు’ అని రాసేస్తారు. 2023 జూన్ 30 నుంచి సుమారు 1.5 లక్షల మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పట్టాలు పంచారు, కాదనలేం. అందనివాళ్లు మాత్రం ఇంకా దరఖాస్తులోనే దున్నుతున్నారు, దరఖాస్తులోనే విత్తుతున్నారు.

గంగారానికి ఊహాదేశం అవసరమే లేదు. ఇదే మండలంలో పూనుగొండ్ల ఉంది. సమ్మక్క భర్త పగిడిద్దరాజు గుడి అక్కడే. మేడారం జాతర వచ్చినప్పుడల్లా పూజారులు ఆయన్ను తీసుకుని అడవి దారిన కాలినడకన బయలుదేరతారు. కథ చెప్పేవాళ్ల మాట ప్రకారం ఆయన చేసిన నేరం ఒకటే: కరువొచ్చింది, కప్పం కట్టలేమని ఓరుగల్లుకు చెప్పడం. దానికి కాకతీయ సైన్యం దిగింది. పగిడిద్దరాజు పోయాడు, బిడ్డలు సారలమ్మ, నాగులమ్మ, అల్లుడు గోవిందరాజు పోయారు, కొడుకు జంపన్న సంపెంగ వాగులో పడ్డాడు. ఎల్లమ్మ మనవడు కట్టిన మంచు రాజ్యంలో పన్ను ఊసే లేదు. ఈ రాజ్యం పన్ను దగ్గరే మొదలై పన్ను దగ్గరే నెత్తురయింది.

జెండా సంగతీ చూడండి. ఆటలో జెండాను సిద్ధంగా ఉన్న బొమ్మల్లోంచి ఏరుకుంటారు, సింహమో గద్దో రెండు కత్తులో. కోయల దగ్గర పడిగె ఉంటుంది. గుడ్డమీద వరసగా బొమ్మలు. ఏ గట్టు (గోత్రం) వాళ్లు ఎక్కడినుంచి వచ్చారో, ఎవరు ఎవరితో పోరారో, ఎవరు ఏ వేల్పయ్యారో అందులో ఉంటుంది. దాన్ని చూస్తే సరిపోదు, డోలి వాయిస్తూ పాడి చెప్పేవాడు కావాలి. మణుగూరు వైపు సకిని రామచంద్రయ్య ఆ కథలన్నీ నోటిమీద నిలుపుకున్నాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన పోయాడు. ఆయన తర్వాత ఆ కథలు అంత నిండుగా పాడగలవాళ్లు ఎందరు? డ్రాగన్ల వంశవృక్షానికి మాత్రం వారసుల కొరత లేదు.

పిల్లలాటను నిజమని ఆడినవాడూ ఉన్నాడు. దేశం విడిచి పారిపోయిన నిత్యానంద ‘కైలాస’ అనే దేశాన్ని ప్రకటించి, పాస్‌పోర్టన్నాడు, రిజర్వు బ్యాంకన్నాడు. 2023 జనవరిలో అమెరికాలోని నెవార్క్ నగరం ఆ దేశంతో సోదర నగరంగా ఒప్పందం రాసుకుని, నాలుక్కరచుకుని రద్దు చేసుకుంది. ఫిబ్రవరిలో జెనీవాలో ఐక్యరాజ్యసమితి కమిటీ సమావేశంలో ఆ దేశం ప్రతినిధి లేచి మాట్లాడింది. పటంలో లేని దేశానికి జెనీవాలో కుర్చీ దొరికింది. పట్టా అడగడానికి పొద్దున్నే సద్ది కట్టుకుని వచ్చిన మనిషికి ఏ ఆఫీసులోనూ కుర్చీ చూపరు.

‘మావ నాటె మావ రాజ్’, అంటే మా ఊళ్లో మా రాజ్యం అని ఆదివాసులు ఎన్నో ఏళ్లుగా అంటున్నారు. 1996లో ఆదివాసీ ప్రాంతాల్లో గ్రామసభకు అధికారమిచ్చే పీసా చట్టం వచ్చినప్పుడు ఆ మాట కాగితం మీదికి ఎక్కినట్టే కనిపించింది. అందుకే నాదొక ఆలోచన. గంగారాన్ని పిల్లల ఆటలో ఒక దేశంగా చేర్పిద్దాం. కనీసం అక్కడైనా తన మాట తను రాసుకుంటుంది. ఫారం నింపి పంపితే మోడరేటర్ ఏమంటాడో నేను ఊహించగలను. ‘మీ దరఖాస్తు తిప్పి పంపుతున్నాం. ఒకే ఊరికి మూడు చోట్ల పాలన ఉండటం నమ్మశక్యంగా లేదు. సొంత అడవిలో ఉన్నట్టు పౌరుడే రుజువు తెచ్చుకోవాలనే నియమం మరీ అతిగా ఉంది. పైగా ఈ దేశంలో ఎవరి పాత్రనూ వాళ్లు రాసుకుంటున్నట్టు కనిపించదు. అసలు రాస్తున్నది ఎవరో కనుక్కుని, వాళ్లనే దరఖాస్తు పెట్టుకోమనండి. మా నియమాలు చదివి సంతకం పెట్టాకే రానిస్తాం.’