ఈ-రీడరు: చికిత్స, విచికిత్స

ఛార్జింగ్ ఎక్కని ఈ-రీడరుకు మరణ ధ్రువీకరణ ఇవ్వడంలోని ప్రధానమైన చిక్కు, అది చచ్చినట్టు కనిపించకపోవడం. దాని తెర ఈ-ఇంకు పద్ధతిలో పనిచేస్తుంది. అంటే, వెంట్రుకవాసి గుళికల్లో విద్యుదావేశం గల నల్లని, తెల్లని రేణువులు తేలుతూ, పేజీ తిప్పినప్పుడు మాత్రమే కరెంటు అందుకుని పైకీ కిందికీ కదిలి, ఆపైన కరెంటు లేకున్నా ఉన్నచోటనే నిలిచిపోతాయి. అందువల్ల బ్యాటరీ అడుగంటిన యంత్రం కూడా, పదవి పోయినా కారు మీది స్టిక్కరు తీయని మాజీ వలె, ఆఖరి బొమ్మతో నిండుగా దర్శనమిస్తూనే ఉంటుంది.

చదివేవారికి వారాల తరబడి వచ్చే ఛార్జింగు చదవనివారికి ఏడాది పొడుగునా రావాలన్నది యజమాని లెక్క. అయితే సొరుగులో పడి ఉన్నా వైఫై ఆపకపోతే అది కొంత తింటుంది, లిథియం అయాన్ బ్యాటరీ ఊరకే ఉన్నా కొంత తరుగుతుంది. వోల్టేజి సుమారు మూడుకు దిగువకు జారితే రక్షణ వలయం, అనగా బ్యాటరీకి కాపలా కాసే చిన్న సర్క్యూటు, తలుపు మూసేస్తుంది. అటుపై ఛార్జరు తగిలిస్తే, లంఖణాలు చేసిన రోగికి ముందు జావ పట్టినట్టు, మామూలులో పదోవంతు పాటి కరెంటే ఎక్కుతుంది, చాలాసేపు తెర ఉలకదు పలకదు. ఇక్కడ చికిత్స అంటే వేచి ఉండటమే. ఆ చికిత్సను ఐదు నిమిషాలకు మించి భరించిన యజమానులు అరుదు.

ఆ ఆరో నిమిషాన ఇంట్లోని వైర్లన్నీ బయటికొస్తాయి. పాత యంత్రాలకు ఉండేది మైక్రో యూఎస్‌బీ రంధ్రం, దానికి తలా తోకా తేడా తెలుసు. టైప్-సీ అలవాటుతో ఎటుపడితే అటు తోస్తే లోపలి నాలుక వంగుతుంది. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుంచి ఈ-రీడర్లకూ టైప్-సీని తప్పనిసరి చేసింది గాని, సొరుగులోని పాతదానికి ఆ చట్టం చుట్టం కాదు. టార్చి వేసి చూస్తే రంధ్రం అడుగున సంచి నూలుపోగులు దిమ్మిసా కొట్టినట్టు బిగుసుకుని, వైరు మొనను చివరిదాకా దిగనివ్వకుండా ఉంటాయి. పళ్లు కుట్టుకునే చెక్కపుల్లతో మెల్లగా తీస్తే సరిపోయేదానికి, ముల్లు తీయడం మొదలు తాళం తీయడం వరకు సర్వకార్యాలకూ గాజులకు వేలాడే పిన్నీసునే నమ్మిన తెలుగిల్లు దాన్నే ప్రయోగించి, రంధ్రంలోని లోహపు రేకులను ఒకదానికొకటి తాకిస్తుంది.

మిగిలింది, పవర్ బటన్‌ను 40 సెకన్లు వదలకుండా నొక్కి ఉంచడం. కిండిల్‌కు తయారీదారు చెప్పే రీస్టార్ట్, అనగా మొద్దుబారిన సాఫ్ట్‌వేరును తట్టి లేపడం, ఇదే. (కొన్నాక ఆ యంత్రం మీద యజమాని ఇంతసేపు మనసు నిలపడం బహుశా ఇదే ప్రథమం.) ఎట్టకేలకు దీపం వెలిగి, తెర ఒకసారి నల్లబడి తెల్లబడి, ఏడాది కిందట ఆగిన ఏడో పేజీ ప్రత్యక్షమవుతుంది. యజమాని తృప్తిగా డిస్కౌంటులో ఉన్న మరో మూడు పుస్తకాలు కొని, నూటికి నూరు శాతం ఎక్కేదాకా ఆగి, వైఫై ఆపకుండానే దాన్ని సొరుగులో పెడతాడు.