బీరుకు ముల్కీ పరీక్ష

హైదరాబాద్‌లో ఈమధ్య మందు తాగేవాళ్లు కరువయ్యారు. జూబ్లీహిల్స్ నుంచి కోకాపేట దాకా ఎవరిని కదిపినా "తాగడం లేదండీ, టేస్ట్ చేస్తున్నాం" అంటున్నారు. లిఫ్టెక్కి అయిదో అంతస్తులో దిగితే అద్దాల వెనక రాగి రంగు పాత్రలు, నిలువెత్తు స్టీలు ట్యాంకులు, గోడకు ఒక నల్లబల్ల. దాని మీద సుద్దముక్కతో ఆనాటి బీర్ల పేర్లు. ఒకదాని పేరులో గోల్కొండ, ఇంకోదాని పేరులో ఇరానీ చాయ్. అన్నిటికీ పైన పెద్దక్షరాల్లో: లోకల్.

లోకల్ అన్న మాటతో ఈ గడ్డ మీద ఎకసెక్కాలు పనికిరావు. 1919 నాటి నిజాం ఫర్మానా ప్రకారం పదిహేనేళ్లు ఇక్కడ కాపురం ఉంటేనే ముల్కీ, అంటే సర్కారీ కొలువుకు అర్హుడైన స్థానికుడు. ఆ లెక్క తప్పిందని 1969లో విద్యార్థులు రోడ్డెక్కారు. 1972లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. 1985లో 610 జీవో వచ్చింది. గుమాస్తా కొలువుకే ఇన్ని కాగితాలు అడిగిన జనం, గ్లాసుకు వందలు పోసి కొంటున్న బీరును ఒక్క ధ్రువపత్రమైనా అడగకపోతే ఎలా? అడిగేద్దాం. అభ్యర్థులు నలుగురే.

మొదటి అభ్యర్థి మాల్టు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. మన దేశంలో బార్లీ పండేది రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, హర్యానాల వైపు. అక్కణ్నుంచి వచ్చినా నాన్‌లోకలే, కానీ చాలామంది బ్రూమాస్టర్లకు అదీ ఆనదు. జర్మనీదో బెల్జియందో సంచీ ఓడెక్కి రావాలి. తిరస్కరించడమైనది.

రెండో అభ్యర్థి హాప్స్. బీరుకు చేదూ సువాసనా ఇచ్చే పువ్వు. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో కాసింత పండుతుంది. మిగతాది బవేరియాలోని హాలర్‌టావ్ నుంచో, అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు యాకిమా లోయ నుంచో దిగాల్సిందే. ఆ రాష్ట్రంలోనే రెడ్‌మండ్ ఉంది, అక్కడ మనవాళ్లు బోలెడంతమంది ఉన్నారు కాబట్టి ఎన్నారై కోటా కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ ఎన్నారైకి కనీసం తాతగారి ఊరైనా ఇక్కడ ఉంటుంది. హాప్స్‌కు అదీ లేదు. తిరస్కరించడమైనది.

మూడో అభ్యర్థి ఈస్టు. ఇది విదేశీ ప్యాకెట్లలో చల్లగా నిద్రపోతూ వస్తుంది. వచ్చాక దానికి ఈ ఊరి గాలి తగలకుండా చూసుకోవడమే బ్రూవరీలో సగం పని. ట్యాంకులు కడగడం, పైపులు కడగడం, కడిగినదాన్నే మళ్లీ కడగడం. ఎందుకంటే ఇక్కడి గాలిలో ఇక్కడి ఈస్టు ఉంటుంది. అది ట్యాంకులో దూరి పెరిగిందా, సరుకు చెడిందని మొత్తం మోరీలో పారబోస్తారు. లోకల్ బీరు తయారీలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం లోకల్ ఈస్టు చొరబడటమే!

చివరి అభ్యర్థి నీళ్లు. బీరులో తొంభై శాతానికి పైగా నీళ్లే కాబట్టి ఇక్కడైనా పరువు దక్కుతుందని ఆశపడతాం. మంజీర, కృష్ణా, గోదావరి నీళ్లు. ముల్కీ కాగితాలు పక్కాగా ఉన్నాయి. కానీ ఇవి ట్యాంకు చేరకముందే ఆర్‌వో యంత్రంలో వాటి సొంత లవణాలన్నీ ఊడ్చేస్తారు. ఆ తరవాత ఏ బీరు కాయాలో చూసుకుని జిప్సం, కాల్షియం క్లోరైడ్ కొలిచి కలుపుతారు. ఒక బీరుకు మ్యూనిక్ నీళ్లలా, ఇంకో బీరుకు ఇంగ్లండ్‌లోని బర్టన్ నీళ్లలా, మరో బీరుకు చెక్ దేశపు పిల్సెన్ నీళ్లలా. బ్రిజేశ్‌కుమార్ ట్రైబ్యునల్ ముందు చుక్కచుక్కకూ వకీళ్లను పెట్టి వాదిస్తున్న కృష్ణమ్మకు చివరికి మ్యూనిక్ పౌరసత్వం ఇప్పిస్తున్నామన్నమాట.

పరీక్ష ముగిసింది. స్థానికుల జాబితాలో మిగిలింది ఒక్కరే: బిల్లు కింద వ్యాట్. మద్యం జీఎస్టీలోకి రాదు కనుక ఆ పన్ను మాత్రం నూటికి నూరు పాళ్లూ రాష్ట్రానిదే.

బీరు బాగా లేదని కాదు. కాచేవాడికి పని వచ్చు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే రుచి ఎక్కడికి పోతుందో అతనికి తెలుసు. 2009లో పుణెలో డూలాలీ, 2011లో బెంగళూరులో బియర్ క్లబ్ ఈ దారి తెరిచాయి. 2015లో తెలంగాణ ప్రభుత్వం మైక్రోబ్రూవరీలకు నిబంధనలు రాశాక మన నగరమూ ఆ బాట పట్టింది. వేసవిలో చల్లటి 650 మిల్లీలీటర్ల సీసా దొరికితే చాలు, స్ట్రాంగా కాదా అన్నది తప్ప ఇంకో ప్రశ్న ఎరగని ఊరికి నాలుగు రుచులు నేర్పడం మంచి పనే. గొడవంతా ఆ రుచుల చుట్టూ మొలిచిన భక్తితో.

ఆ భక్తిని దగ్గర నుంచి చూడాలంటే శుక్రవారం రాత్రి వెళ్లాలి. బల్ల మీదకు ఒక చెక్కపలక వస్తుంది. దానికి గుంటలు తొలిచి ఉంటాయి, గుంటకో బుడ్డి గ్లాసు. ఎడం నుంచి కుడికి రంగు ముదురుతూ పోతుంది. వెయిటర్ చేతులు కట్టుకుని మొదలుపెడతాడు: "సర్, ఇది హెఫవైజెన్. బనానా, క్లోవ్ నోట్స్ వస్తాయి సర్." మెడలో కంపెనీ ట్యాగు తీయని మనవాడు ఒక గుక్క నోట్లో తిప్పి కళ్లు మూసుకుంటాడు. పక్కవాళ్లు ఊపిరి బిగబడతారు. "వచ్చింది మామా, అరటిపండు వచ్చింది!"

వచ్చే మాట నిజమే. జర్మన్ గోధుమ బీరు ఈస్టు పులిసేటప్పుడు ఐసోఅమైల్ ఎసిటేట్ పుట్టిస్తుంది, అరటిపండుకు ఆ వాసన ఇచ్చేదీ అదే. ఇంత సూక్ష్మం పసిగట్టిన ఆ ముక్కే, ఆదివారం జనగామ రోడ్డులో ఈతకల్లు లొట్టి పక్కన కారాపితే మాత్రం కర్చీఫు వెతుక్కుంటుంది. "అబ్బా, పులిసిన కంపురా!" పులియడం అయిదో అంతస్తులో పరిమళం, నేల మీద కంపు.

ఇప్పుడు క్రాఫ్ట్ బీరు మతగ్రంథం తెరవండి. అందులో ఆజ్ఞలు ఇవీ: చేత్తో చేసింది కావాలి, కొద్దికొద్దిగా చేయాలి, వడకట్టకూడదు, నిలవ మందులు కలపకూడదు, తాజాగా తాగాలి, చేసినచోటే తాగాలి, రుతువును బట్టి రుచి మారాలి. ఈ ఆజ్ఞలన్నీ అక్షరాలా పాటించేవాడు భువనగిరి పక్కన తాటివనంలో ఉన్నాడు. తెల్లారకముందే మోకు, ముత్తాదు బిగించి, నడుముకు కత్తులు కట్టుకుని ముప్పై నలభై అడుగులు ఎక్కుతాడు. తాడికైతే గెల కొనను పల్చగా గీస్తాడు, ఈతకైతే మొవ్వ దగ్గర చెక్కుతాడు. గీత ఒక్క వెంట్రుకవాసి లోతైతే చెట్టు చెడుతుంది, పల్చనైతే ధార రాదు. లొట్టి కట్టి దిగుతాడు, పొద్దుగూకే వేళ మళ్లీ ఎక్కుతాడు. పోద్దాడు, పరుపుదాడు, పండుదాడు: ఒక్కోదానికి ఒక్కో కాలం, ఒక్కో రుచి. సీజనల్ మెనూ అంటే ఇదే, సుద్దముక్క ఖర్చు లేదు. గ్లాసు కూడా చెట్టే ఇస్తుంది. తాటాకు రేక మడిచి పట్టుకుంటే పైనుంచి పోస్తాడు. నురగలో తేలే తేనెటీగను ఊది పక్కకు నెట్టి తాగాలి. పొద్దున తీపి, మధ్యాహ్నానికి ఘాటు, మర్నాటికి పులుపు. ఒకే లొట్టిలో మూడు బీర్లు. ఇంత సాహసం చేసేవాడికి ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా పరికరాలు పంచడం మొదలుపెట్టింది 2024లో. బ్రూవరీలో కుర్రాడికి మొదటి రోజే ఏప్రాను, గమ్‌బూట్లు.

"కల్లు ఎక్కడ, బీరు ఎక్కడ! అందులో ఏ ఈస్టు పడుతుందో ఎవడికి తెలుసు?" అనే పండితులను ఒకసారి బ్రస్సెల్స్ పంపాలి. అక్కడ సెన్నె నది లోయలో లాంబిక్ అని ఒక బీరు కాస్తారు. కాచిన రసాన్ని వెడల్పాటి తొట్టిలో పోసి, కిటికీలు తెరిచి, రాత్రంతా అలా వదిలేస్తారు. ఊరి గాలిలో ఉన్న ఈస్టులూ సూక్ష్మజీవులూ వచ్చి పడితే వాటితోనే పులుస్తుంది. ఆ తరవాత చెక్కపీపాల్లో ఏళ్ల తరబడి నిలవ. రుచి పులుపు. క్రాఫ్ట్ భక్తులకు అది కాశీయాత్ర. 2016లో బెల్జియం బీరు సంస్కృతిని యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేర్చింది. గాలిలోంచి ఈస్టు పట్టే ఆ విద్యే తాటిచెట్టు మీద లొట్టిలో రోజూ జరుగుతోంది. లొట్టిని యునెస్కో దాకా మోయడం మాట అటుంచండి, సబ్ ఇన్‌స్పెక్టర్ గుమ్మం దాటించడమే గగనం.

కల్లు మీద నిందలన్నీ అబద్ధాలనీ అనలేం. పట్నంలో కల్లు పేరుతో దొరికేదాంట్లో చెట్టు వాటా ఎంతో తాగేవాడికి తెలియదు. చెట్లు తగ్గాయి, గిరాకీ తగ్గలేదు. మధ్య ఖాళీని నీళ్లు, శాకరిన్, క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం నింపాయి. 2015లో దాడులు జరిగి మందు కల్లు ఆగిపోగానే నిజామాబాద్ జిల్లాలో జనం వణుకుతూ, వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలయ్యారు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఇది హత్య, దీనికి సంస్కృతి ముసుగు వేసేవాడు ఎవడైనా నేరస్థుడే.

మరి దీనికి సర్కారు కనిపెట్టిన మందేమిటి? తలుపు మూయడం. 2004లో హైదరాబాద్ కల్లు దుకాణాలు మూసేశారు, 2014లో తెరిచారు. మూసినప్పుడూ తెరిచినప్పుడూ మాట్లాడింది ఓట్ల లెక్కే గానీ లొట్టిలో ఏముందో రోజూ పరీక్షించే ఏర్పాటు గురించి కాదు. పాలల్లో నీళ్లు కలిపినవాణ్ని పట్టుకుంటాం గానీ గేదెల్ని నిషేధించం కదా! కల్లు దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ గేదే ముద్దాయి. 2023లో నెక్లెస్ రోడ్డులో కోట్లు పోసి కట్టిన నీరా కేఫ్ తెరిచారు. పులియని నీరాకు ఏసీ గది, పులిసిన కల్లుకు పోలీసు జీపు.

అదే బీరు విషయంలో చూడండి ఎంత చురుకో! 2025 జనవరిలో బకాయిలు తీర్చలేదని, ధరలు పెంచలేదని యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు సరఫరా ఆపుతున్నట్టు ప్రకటించగానే రాజధాని గొంతు ఎండింది. ఫిబ్రవరి సగం కాకుండానే బీరు ధర 15 శాతం పెరిగింది. పార్టీ ఏదైనా ఈ చురుకు ఒకటే. దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడితే 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997కల్లా ఖజానాకు దాహం వేసి అది వెళ్లిపోయింది. ఆ ఖజానా కంటికి చెట్టు కంటే సీసా ముద్దు. సీసాకు లేబులు ఉంటుంది, డిపో ఉంటుంది, లెక్క ఉంటుంది.

గోవావాళ్లు జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు, 2016లో దాన్ని రాష్ట్ర వారసత్వ పానీయమన్నారు. వాళ్ల జీడిమామిడి తోటలు మిగిలాయి. మనం తాటివనాలు కొట్టేసి విల్లాలు కట్టి, విల్లాలకు 'పామ్' అని పేరు పెట్టి, గేటు ముందు కల్లు రాని అలంకారపు చెట్లు నాటుతున్నాం.

కాబట్టి ఎక్సైజ్ శాఖ వారికి మూడు మనవులు. ఒకటి, ప్రతి బ్రూపబ్ బీరు పేరు కింద మాల్టుది ఏ దేశమో, హాప్స్‌ది ఏ దేశమో, ఈస్టుది ఏ దేశమో రాయాలి. అప్పుడు గోల్కొండ పేరు పెట్టుకోవచ్చు. రెండు, బీరు ట్యాంకుకు ఎంత పరీక్షో కల్లు కుండకూ అంతే పరీక్ష. మందు బిళ్లలు కలిపినవాడు జైలుకు, నిఖార్సయిన కల్లు గీసినవాడు అదే అయిదో అంతస్తుకు. చెక్కపలక మీద కల్లుకూ ఒక గుంట తొలవండి. మూడు, పేరులో 'పామ్' ఉన్న ప్రతి వెంచరూ ప్లాటుకు పది తాడిచెట్లు పెట్టాలి. తాడి గీతకు రావడానికి పదిహేనేళ్లు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. నిజాం ఫర్మానాలో గడువూ అదే, కాబట్టి ఆ చెట్టు ముల్కీయా కాదా అని ఎవరూ కోర్టుకెక్కరు.

ఈ మనవులు బుట్టదాఖలవుతాయని తెలుసు. అయినా దిగులు లేదు. రేపెప్పుడో బెర్లిన్ కుర్రాడొకడు సంచీ తగిలించుకుని వచ్చి, తాటివనంలో ఒక రేక పట్టి, విద్య నేర్చుకుని వెళ్లిపోతాడు. ఏడాది తిరక్కుండా నల్లసీసాలో 'సహజంగా పులిసిన పామ్ ఏల్' జూబ్లీహిల్స్‌లో దిగుతుంది. మెడలో ట్యాగున్న మనవాడే మొదటి గుక్క నోట్లో తిప్పి, కళ్లు మూసుకుని, "తాటాకు నోట్స్ వచ్చాయి మామా!" అని పరవశిస్తాడు. దిగుమతి సుంకం కట్టిన చీటీ ఒకటి అంటించి ఉంటే చాలు, భువనగిరి తాడిచెట్టుకైనా మనం కళ్లకద్దుకుని ముల్కీ సర్టిఫికెట్ రాసిస్తాం.